మీట పలికెడి సంఖ్యలు

సికింద్రాబాదు నుండి మన్మాడు పోవు రైలుమార్గమును, 44వ నంబరు జాతీయ రహదారియు తాకిపోవు కామారెడ్డి పట్టణమునకు బెల్లము, వడ్లు, మక్కలు ఎంత సులభముగ వచ్చి పోవుచుండునో, కంప్యూటరు ఆటలకు పనికివచ్చు పరికరములును నేడు అంత సులభముగనే చేరుచున్నవి. కాని చేరునవి చాలవరకు కొత్తవి కావు. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దుకాణములలో ఒకరు అమ్మగా మరొకరు కొనిన గ్రాఫిక్స్ కార్డు, హైదరాబాదులో ఉద్యోగము చేయు అన్న తమ్మునికిచ్చిన గేమ్‌ప్యాడ్, ఏదో కార్యాలయమువారు వదలించుకొనిన డెస్క్‌టాప్, ఇట్లు రెండవ చేతికో మూడవ చేతికో వచ్చిన సామగ్రియే ఇక్కడి పిల్లల ఇండ్లలో కనబడును. లింగంపేట దాటి ఎల్లారెడ్డికి పోవుసరికి ఆ చేతుల లెక్క ఇంకొకటి పెరుగును. గ్యారంటీ కాగితము ఎక్కడనో మధ్యలో రాలిపోయి యుండును. కంపెనీవారి సర్వీస్ సెంటరునకు పోయి రావలెనన్న ఒక దినము పోవును, పోయినను "ఈ మోడలుకు పార్టులు రావండీ" అను సమాధానము సిద్ధముగ నుండును. ఇట్టి చోట ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు మొదట ప్రవేశించునది మరమ్మతు పనిముట్టుగా. స్వేచ్ఛను గూర్చిన చర్చ, వచ్చినచో, ఆ తరువాత వచ్చును.

1983 సెప్టెంబరులో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించుటయు, 1991లో హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్‌ను బయటపెట్టుటయు, మన తెలుగునాట హైదరాబాదు కేంద్రముగ స్వేచ్ఛ అను సంస్థ తెలుగులో పనిచేయు గ్నూ లినక్స్ వ్యవస్థను రూపొందించుటయు పలుచోట్ల వ్రాయబడిన చరిత్రయే కనుక, దానిని ఇంతటితో విడిచి, చేతబట్టుకొనదగిన ఒక వస్తువును తీసికొందము.

గేమ్‌ప్యాడ్‌లకు వచ్చు జబ్బులలో మిక్కిలి సామాన్యమైనది డ్రిఫ్ట్. "అన్నా, నేను చెయ్యి వెట్టకున్నా మనిషి ఎడమకే వోతున్నడు" అని ఎల్లారెడ్డిలో ఒక సెల్‌ఫోన్ రిపేరు దుకాణమున ఇంటర్ చదువు కుర్రవాడొకడు మొరపెట్టుకొనగా, దుకాణదారు దానిని అటునిటు త్రిప్పి చూచి "సాఫ్ట్‌వేర్ ఖరాబయిందేమో తమ్మీ" అనెను. ఆ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. బొటనవ్రేలితో నెట్టు మీట అరిగి యుండవచ్చును, ప్యాడ్‌లోని చిప్పు చెడి యుండవచ్చును, లేదా ఆటయే ఆ మీటను తప్పుగ చదువుచుండవచ్చును. వెలుపలికి మూడింటి లక్షణమును ఒక్కటియే. ఈ మూడింటిని వేరుపరచుటకు ఊహ అవసరము లేదు. లినక్స్ ఉన్న ఏ పాత ల్యాప్‌టాప్‌నకైనను ఆ ప్యాడ్‌ను తగిలించి, ఈవ్‌టెస్ట్ అను చిన్న ప్రోగ్రామును నడిపినచో, మీట ఏమి చెప్పుచున్నదో, ఆటకు చేరకముందే, తెరపై సంఖ్యల వరుసగ దిగును. ఎక్స్‌బాక్స్ తరహా ప్యాడ్‌లలో ఎడమ అంచున ఋణ 32768, కుడి అంచున ధన 32767, మధ్యలో సున్న. కొత్త ప్యాడ్‌లోను సరిగ సున్నయే వచ్చుట అరుదు. కొద్ది వందలు, ఒక్కొకచో వేయి దాక, అటునిటు ఉండుట సహజమే. ఈ కుర్రవాని ప్యాడ్ మీటను ఎవరును ముట్టకున్నను ఋణ నాలుగువేల దగ్గర తచ్చాడుచుండెను. అనగా పూర్తి ఎడమలో ఎనిమిదవ వంతు. ఆటలోని మనిషి ఎడమకు నడచుట న్యాయమే గదా!

ఈ సంఖ్య ఎక్కడ పుట్టినదో చూడవలెను. మీట అడుగున ఒకదానికొకటి లంబముగ రెండు పొటెన్షియోమీటర్లు ఉండును. ఒకటి అడ్డపు కదలికకు, ఒకటి నిలువు కదలికకు. ప్రతిదానిలోను విల్లువలె వంగిన కర్బనపు పూత, దానిపై రాచుకొనుచు తిరుగు సన్నని లోహపు నాలుక. పూత రెండు కొసలకును విద్యుత్పీడన మిచ్చినపుడు నాలుక నిలిచిన చోటునుబట్టి దానిపై కనబడు వోల్టేజి మారును. సరిగ నడుమ నున్నచో సగము. ఆ వోల్టేజినే చిప్పు సంఖ్యగ మార్చి యు.ఎస్.బి. తీగపైకి పంపును. మీటను వేల పర్యాయములు ఒకే దిక్కునకు నెట్టగా ఆ మార్గమున కర్బనము అరిగి, నిరోధము మారి, ఆ అరిగిన పొడి నాలుక క్రిందనే పేరుకొనును. ఇక్కడ ఈవ్‌టెస్ట్ చూపు వరుసను ఓపికతో చూచువానికి రోగభేదము తెలియును: సంఖ్య ఒకే చోట స్థిరముగ తప్పుగ నిలిచినచో స్ప్రింగు వదులైనదనియో పూత అరిగినదనియో అనుకొనవచ్చును, ముట్టకున్నను ఎగిరెగిరి పడుచున్నచో పొడియు మురికియు కారణము, ఐసోప్రొపైల్ ఆల్కహాలు రెండు చుక్కలు వేసి మీటను గుండ్రముగ త్రిప్పినచో పెక్కుసార్లు కుదురుకొనును. మరొక వింతయు ఆ వరుసలోనే బయటపడును. మీటను మెల్లగ జరిపినపుడు సంఖ్యలు ఒకటొకటిగ గాక 256 చొప్పున గంతులు వేయుచున్నచో, డబ్బాపై ఏమి అచ్చువేసినను, ఆ ప్యాడ్ లోపలి కొలత ఎనిమిది బిట్లదే యనియు, 65,536 మెట్లుగ కనబడునది నిజమునకు 256 మెట్లే యనియు తేలిపోవును. నేను ఏ చవకప్యాడ్ చేతికి వచ్చినను మొదట చేయు పరీక్ష ఇదియే. డబ్బాపై ప్రకటనను చదువుట తరువాత.

పూతయే పోయినచో మీటను మార్చక తప్పదు. పద్నాలుగు కాళ్ల భాగమది. హాట్ ఎయిర్ గన్‌తో ఫోను చిప్పులను ఎత్తు మన ఊరి మెకానిక్కులకు అది కష్టము కాదు. ఇప్పుడు దాని స్థానమున హాల్ సెన్సరు మీటలును దొరకుచున్నవి. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున ఎడ్విన్ హాల్ పలుచని బంగారు రేకులో విద్యుత్తును ప్రవహింపజేసి, దానికి లంబముగ అయస్కాంత క్షేత్రము నుంచినపుడు రేకు పక్కలమధ్య స్వల్పమైన వోల్టేజి పుట్టుటను కనిపెట్టెను. ఆ స్వల్ప వోల్టేజియే నేడు మీటకు అమర్చిన చిన్న అయస్కాంతము ఎంత వంగినదో చెప్పుచున్నది. రాపిడి లేదు కనుక అరుగుదల లేదు. కాని స్ప్రింగు మాత్రము పాతదే కావున అరుగుదల లేని మీటయు మధ్యకు రాకుండుట కలదని, కొనువారు తెలిసికొనుట మంచిది.

మీటను మార్చు స్తోమత లేనివానికి సాఫ్ట్‌వేరు మార్గమొకటి కలదు. లినక్స్‌లో ఎక్స్‌బాక్స్ తరహా ప్యాడ్‌లను నడుపు డ్రైవరు పేరు ఎక్స్‌ప్యాడ్. 2002లో, అనగా ఎక్స్‌బాక్స్ ఆట యంత్రము విపణికి వచ్చిన మరుసటి సంవత్సరమున, మార్కో ఫ్రీడెమాన్ దీనిని ఆరంభించినట్లు దాని మూలపు ఫైలు తలభాగముననే వ్రాసి యున్నది. తరువాత చేయివేసినవారి పేర్లును అక్కడనే ఉన్నవి. చదువరి ఆ ఫైలును తెరచి మీటల భాగమునకు పోయినచో ఋణ 32768, ధన 32767 అను హద్దుల పక్కన 16, 128 అను రెండు సంఖ్యలు కనబడును. మొదటిది వణకును మ్రింగుటకు: పదునారింటికి లోబడిన చిన్న అదురును కెర్నల్ అణచివేయును. రెండవది మధ్యలోని నిశ్చలప్రదేశపు వెడల్పు: ఇంతలోపు ఏ సంఖ్య వచ్చినను సున్నగ భావింపుడని పై ప్రోగ్రాములకు చెప్పు సూచన. 32768లో 128 అనగా నూటికి అర పాలును లేదు! మన ఎల్లారెడ్డి ప్యాడ్‌కు దానిని ఐదువేలకు పెంచవలెను. ఆజ్ఞ ఒక్కటి చాలును. అయితే ఈ సూచనను పాటించు ఆటలు కలవు, లెక్కచేయని ఆటలును కలవు. లెక్కచేయని వానికై, ఆటలను అమ్మి నడుపు స్టీమ్ వంటి వాటిలోని సొంత అమరికను వాడవలెను. పైగ, నిశ్చలప్రదేశము పెరిగినకొలది మీట సున్నితత్వము తరుగును. బంతిని తన్నుటకు అడ్డులేదు, దూరపు గురి చూచి తుపాకి పేల్చుటకు మాత్రము చేయి మొద్దువారినట్లుండును. ఆ కుర్రవాడు ఫుట్‌బాల్ ఆడువాడు కనుక అతని పని జరిగిపోయినది.

ఆ ఫైలులోనే ఇంకను పొడవైన పట్టిక యొకటి కలదు. ప్రతి యు.ఎస్.బి. పరికరమును తగిలించిన తోడనే తన కంపెనీ సంఖ్యను, తన వస్తువు సంఖ్యను చెప్పుకొనును. ఆ జంటసంఖ్య పట్టికలో ఉన్నచో డ్రైవరు దానిని పోల్చుకొనును. పేరులేని చవకప్యాడ్‌లు చాలవరకు మైక్రోసాఫ్ట్‌వారి ఎక్స్‌బాక్స్ 360 ప్యాడ్ సంఖ్యలనే తమవిగ చెప్పి లోపలికి జొరబడును, అందుచేత పనిచేయును. నిజాయితీగ తన సొంత సంఖ్యను చెప్పుకొను ప్యాడ్ మాత్రము పట్టికలో పేరులేక వాకిటనే నిలిచిపోవుట కొంత విచారకరమైన హాస్యము. అట్టి ప్యాడ్‌కు పట్టికలో ఒక పంక్తిని చేర్చి మన యంత్రముననే కెర్నల్‌ను కట్టుకొనవచ్చును గాని, కెర్నల్ కొత్త సంచిక వచ్చిన ప్రతిసారియు ఆ పంక్తిని మరల చేర్చవలసి యుండును. దానికంటె మూలమునకే పంపుట మేలు. ఇన్‌పుట్ విభాగమును పర్యవేక్షించు దిమిత్రి తోరోఖోవ్ వంటివారు దానిని పరిశీలించి స్వీకరించినచో, పంపినవారి పేరు సంతకముగ దానితోపాటే నిలిచి, క్రమముగ డెబియన్‌లోను, ఫెడోరాలోను, ఉబుంటులోను ఆ ప్యాడ్ ఎవరును చెప్పకయే పనిచేయును. గొలుసుకట్టు చెరువులు తెలిసిన ప్రాంతము మనది. 2015 మార్చి 12న మిషన్ కాకతీయ పనులు మొదలైన సదాశివనగర్ ఈ పక్కనే యున్నది. ఎగువ చెరువు మత్తడి దుంకినచో దిగువవానికి నీటి చింత లేనట్లే, మూలములో చేరిన పంక్తి గురించి దిగువవారు ఆలోచింపనక్కరలేదు. ఎగువను పూడిక పేరుకొనినచో మాత్రము దిగువ నెన్ని బావులు త్రవ్వినను అది తాత్కాలికమే.

ఇక గ్రాఫిక్స్ కార్డు సంగతి. 2017లో ఏ.ఎం.డి. వారు విడుదల చేసిన ఆర్‌ఎక్స్ 580 కార్డు, క్రిప్టో నాణెముల త్రవ్వకమునకు రేయింబవళ్లు వాడబడి, ఆ మోజు తీరినపిమ్మట పాతసామాను విపణిలోనికి గుంపులుగ వచ్చిపడెను. అదే పేరుతో తిరుగు మరొక రకము కలదు: అసలు కార్డులో 2304 గణన కేంద్రకములుండగా ఇందులో 2048 మాత్రమే. స్టిక్కరు చూచి భేదము చెప్పుట కష్టము, అమ్మువానికిని తెలియకపోవచ్చును. లినక్స్‌లో యంత్రము మేలుకొనునపుడు కార్డు డ్రైవరు వ్రాసికొను దినచర్యలో పనిచేయుచున్న గణన విభాగముల లెక్క ఒక పంక్తిగ ఉండును. ఒక్కొక్క విభాగమున 64 కేంద్రకములు. 36 అని యున్నచో అసలుది, 32 అని యున్నచో కొసరుది. కామారెడ్డిలో పాత కార్డు కొనబోవు మిత్రులకు నేను చెప్పునది ఒక్కటే: పెన్‌డ్రైవ్‌పై లినక్స్ వేసికొని పోయి, అమ్మువాని ఇంటనే యంత్రమును దానితో నడిపి ఆ పంక్తిని చదివి, ధర మాట్లాడవలెను. బేరమున ఆ నాలుగు విభాగములకు విలువ గలదు.

ఎండకాలమున, నలుబది మూడు నలుబది నాలుగు డిగ్రీల వేడిలో, ఈ కార్డులకు మరొక పరీక్ష వచ్చును. గాలితో పనిచేయు ఏ శీతలకారియైనను చిప్పును గాలికంటె చల్లగ చేయజాలదు. ఇన్ని వాట్ల వేడికి గాలికంటె ఇన్ని డిగ్రీలు ఎక్కువ అని దాని లెక్క దాదాపు స్థిరము. ఆ భేదము నలుబది ఐదైనచో, పుష్యమాసపు ఇరువది డిగ్రీలలో అరువది ఐదున నుండు చిప్పు, రోహిణి కార్తెలో గది నలుబది డిగ్రీలైనపుడు ఎనుబది ఐదునకు చేరును. మిల్లుల పక్కనున్న ఇండ్లలో రెక్కల నడుమ ఊకదుమ్ము చేరినచో ఆ భేదమే పెరిగిపోవును. దుమ్ము దులుపుటయు, ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్చుటయు అందరెరిగినవే. వోల్టేజి తగ్గించుట అంతగ తెలియనిది. చిప్పు వేడి పౌనఃపున్యమునకు అనులోమముగను, వోల్టేజి వర్గమునకు అనులోమముగను మారును. అందుచే వేగమును ముట్టకయే 1.15 వోల్టులను 1.05 వోల్టులకు దింపినచో ఆ లెక్కన వేడి నూటికి పదునారు పదునేడు వంతులు తగ్గును. అన్ని చిప్పులును ఒకేరీతిగ ఓర్వవు కనుక కొంచెము కొంచెముగ దింపి చూడవలెను. లినక్స్‌లో ఈ వోల్టేజియు, ఫ్యాను వేగమును, ఉష్ణోగ్రతయు చిన్న చిన్న ఫైళ్లుగ కనబడుచుండును. ఉష్ణోగ్రత ఫైలును చదివినచో 67000 అని వచ్చును, అనగా 67 డిగ్రీలు, వేయవ వంతులలో. కెర్నల్‌కు ముందుగ ఒక అనుమతి నిచ్చి, వోల్టేజి ఫైలులో సంఖ్య వ్రాయుటయే వోల్టేజి మార్చుట. ఇందులో రంగురంగుల తెరలు లేవు, నాకు వానితో పనియు లేదు.

ఆయుర్దాయమును గూర్చియు ఒక మాట. 2012 ప్రాంతపు తన కార్డులకు విండోస్ డ్రైవర్ల నవీకరణను ఏ.ఎం.డి. 2021లో నిలిపివేసినది. కంపెనీకి అది వ్యాపార న్యాయము. కాని 2007 నుండి అదే కంపెనీ తన చిప్పుల వివరములను బయటపెట్టుచు వచ్చుటచేతను, 1993లో బ్రయన్ పాల్ ఒంటరిగ మొదలుపెట్టిన మెసా అను గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేరు గ్రంథాలయమును ఎందరో పెంచుచు వచ్చుటచేతను, ఆ పాత కార్డులు లినక్స్‌లో ఇంకను కొత్త ఆటలను నడుపుచునే యున్నవి. 2025 అక్టోబరు 14న విండోస్ 10 మద్దతు ముగిసినప్పుడు, పైసంచికకు అర్హత లేదనిపించుకొనిన డెస్క్‌టాప్‌లును ఇట్టి పాత సామగ్రియే.

కరెంటు సంగతిని క్లుప్తముగ చెప్పెదను. ఇంటి ఇన్వర్టరుపై ఫ్యాను ఆగకుండగనే కంప్యూటరు ఆరిపోవుట పలువురు చూచి యుందురు. కంప్యూటరు పవర్ సప్లైలో నున్న పెద్ద కెపాసిటరు 330 మైక్రోఫారడులదై 380 వోల్టుల వద్ద నిండియుండి, 300 వోల్టులకు పడువరకు పని నడపగలదనుకొనినచో, అది ఇయ్యగల శక్తి తొమ్మిది జౌళ్లు. మూడువందల వాట్లు తాగు ఆటకు అది ముప్పది మిల్లీసెకన్లు. ఇన్వర్టరు అంతలోపు మారినచో ఆట సాగును, లేనిచో ఆరును. ఇన్వర్టరు వెనుకనున్న స్విచ్చును యు.పి.ఎస్. వైపు ఉంచుడని చెప్పుటకు కారణమిదియే. ఆరినను, చేయబోవు పనిని ముందుగ చిట్టాలో వ్రాసికొను ఎక్స్‌ట్4 వంటి ఫైలు వ్యవస్థలు మరల లేచునపుడు ఆ చిట్టాను చదివి సర్దుకొనును.

ఆటలలో తెలుగు అక్షరముల కథ ఇంతకంటె దీర్ఘమైనది. ఎల్లారెడ్డి అను పేరును యూనికోడ్‌లో వ్రాసినచో పదునొకండు సంకేతములు వరుసగ నిలుచును. కంటికి కనబడవలసినవి నాలుగు అక్షరములు. రెండవ లకారము మొదటి లకారము క్రిందికి దిగవలెను, దీర్ఘము పైకెక్కవలెను, డకారపు ఒత్తు తన స్థానము చూచుకొనవలెను. ఆంగ్లమునకు మాత్రమే అలవాటుపడిన ఆట ఇంజను ఆ పదునొకండింటిని ఒకదాని పక్కన నొకటి పెట్టి పొల్లులతో విడివిడిగ చూపును. చదువరికి అది అవమానముగ తోచును. ఈ కూర్పు పనిని చేయు హార్ఫ్‌బజ్ అను ఓపెన్ సోర్స్ గ్రంథాలయము ఫైర్‌ఫాక్స్‌లోను, క్రోమ్‌లోను, ఆండ్రాయిడ్‌లోను పనిచేయుచున్నది. 2014లో మూలమును బయటపెట్టిన గోడో అను ఆట ఇంజనులో నాలుగవ సంచిక 2023 మార్చిలో వచ్చినపుడు దానిలోను ఇది చేరెను. అందుచేత కామారెడ్డి కళాశాల విద్యార్థి ఒకడు నేడు తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన ఖతితో, లేదా లోహిత్ ఖతితో, బతుకమ్మ ఆటనో, నిజాంసాగర్ తూములు తెరచు ఆటనో కట్టదలచినచో అక్షరములు అతనికి అడ్డు కావు. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోన్లు ఒక తెలుగు సంయుక్తాక్షరమును చూపబోయి కూలిపోవుచుండగా, లోపలి కూర్పు మూతవేసియున్నందున కోట్లాది తెలుగువారు చేయగలిగినది ఎదురుచూచుటయే. కొద్ది దినములలో ఆ కంపెనీవారే సవరించిరని చెప్పుట న్యాయము.

విండోస్ ఆటలను లినక్స్‌పై నడుపు ప్రయత్నము వైన్ పేర 1993లోనే ఆరంభమైనను, 2018 ఆగస్టులో వాల్వ్ సంస్థ దానిపై ప్రోటాన్‌ను నిర్మించి స్టీమ్‌లో చేర్చినప్పటినుండి అది సామాన్యుని వాడుకకు వచ్చెను. ఆట "ఈ త్రిభుజమును గీయుము" అని విండోస్ పద్ధతిలో అడుగగా, దానిని అప్పటికప్పుడు వల్కన్ అను గ్రాఫిక్స్ పద్ధతికి మార్చి కార్డుకు చెప్పు మధ్యవర్తులు ఇందులో ఉన్నవి. 2022 ఫిబ్రవరిలో వచ్చిన స్టీమ్ డెక్ అను చేతియంత్రము ఈ ఏర్పాటుపైననే నిలిచి యున్నది. దానికై చేసిన సవరణలు మన పాత డెస్క్‌టాప్‌లకును వచ్చి చేరినవి.

అయినను ఇక్కడి కుర్రవాండ్రు మొదట అడుగునది వాలొరాంట్ అను తుపాకి ఆట. అది లినక్స్‌పై నడువదు, నడుపుటకు ఉపాయమును లేదు. మోసగాండ్రను పట్టుటకై దానితో వచ్చు కాపలా ప్రోగ్రాము యంత్రము లేచినప్పటినుండి విండోస్ కెర్నల్‌లోనే కూర్చుండవలెనని పట్టుబట్టును. తన కెర్నల్‌ను తానే మార్చుకొనగల ఆటగాడు ఆ కాపలాదారునకు సహజముగనే అనుమానితుడు. ఈ వాదములో బలము లేదని నేననను. పదిమంది న్యాయముగ ఆడుచోట ఒకడు గోడల వెనుక చూచుచున్నచో ఆట చెడును. కాని ఒక ఆట నిమిత్తము యంత్రపు లోతట్టు గదుల తాళపుచెవి నిచ్చుట నాకు రుచింపదు. కుర్రవాండ్రకు రుచించుచున్నది. వారు రెండు డిస్కులు పెట్టుకొని, ఒకదానిలో విండోస్, మరొకదానిలో లినక్స్ వేసికొని, ఆడవలసినపుడు మొదటిదానిని, ప్యాడ్ చెడినపుడు రెండవదానిని లేపుచున్నారు. చవకగ దొరకు 256 జి.బి. ఎస్.ఎస్.డి. ఇందుకు చాలును, రెండును ఒకే డిస్కులో నున్నచో విండోస్ నవీకరణ ఒక్కొకసారి లినక్స్ బూట్ అమరికను చెరుపుచుండును కనుక, వేరు డిస్కే మంచిది.